నాలుగు నెలల థామసిన్

అస్కర్బీ దొరల వంశవృక్షంలో జెర్విస్ హోల్ట్ భార్య నాలుగు నెలల పసిగుడ్డుగా చచ్చిపోయింది. అది అబద్ధం. ఆమె నలభై ఐదేళ్లు బతికింది. అందులో ఇరవై ఆరేళ్లు జెర్విస్ ఇంట్లో బతికింది. ఒక కూతుర్ని కని పెంచింది. మూడేళ్ల కిందట ఛాతీలో నెమ్ము చేరి జెర్విస్ చేతుల్లో పోయింది. లోక్స్‌వెల్ ఊళ్లో ఈ సంగతి తెలియనివాడు లేడు. అయినా దివాణం పెద్దగదిలో గోడకు బిగించిన బల్ల మీద, బంగారు పూత పూసిన కొమ్మల చివర, ఎండుటాకంత గుండ్రంలో రాసి ఉంది: ‘థామసిన్, నాలుగు నెలలకు మరణం.’

ఆ మాట రాసిననాటికి ఆమె బతికే ఉంది. ఇరవై మూడేళ్ల కిందట రాజుగారి వంశపరీక్షకుడు జిల్లాలో దిగాడు. ఏ ఇంటికి ఏ డాలు గుర్తు చెల్లుతుందో, ఎవరు ఎవరికి పుట్టారో విచారించి పుస్తకంలో ఎక్కించుకుపోవడం అతని పని. దొరలు చెప్పారు, అతను రాశాడు. ఆ పూట థామసిన్ పెరట్లో బాతుల్ని తోలుతోంది. సంగతి తెలిసి పడీపడీ నవ్వింది.

"పోనీలే. చచ్చినదానికి ఆదివారం చర్చికి పోయే బాధ లేదు" అంది.

జెర్విస్‌కు నవ్వు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

చెట్టంటే అదేం చెట్టు! వేరు దగ్గర ఇనపకవచం తొడుక్కుని ఒక వీరుడు పడుకుని ఉంటాడు. ఆయన పొట్టలోంచి మాను మొలుస్తుంది. ఆయన నార్మన్ రాజు వెంట కత్తి దూసుకుంటూ సముద్రం దాటి వచ్చాడట. ఊళ్లో ముసలివాళ్ల తాతలు చూసిన మొదటి అస్కర్బీ మాత్రం తోళ్లు పదును చేసేవాడు. మఠాలు మూయించిన రోజుల్లో సన్యాసుల చర్చి కప్పు మీది సీసం ఊడదీసి అమ్ముకున్నాడు. ఆ సొమ్ముతో కొత్త చొక్కా కుట్టించుకుని, తనకంటే ఇరవై ఏళ్లు పెద్దదైన ఉన్ని వర్తకుడి విధవను పెళ్లాడాడు. ఆమె ఏడాది తిరక్కుండా పోయింది. రెండోసారి, కప్పు కురిసే మేడ తప్ప ఏమీ మిగలని ఒక పాత ఇంటి పిల్లను చేసుకున్నాడు. మొదటి పెళ్లి ఆస్తికి, రెండోది పేరుకు. అతని కొడుకు ఇంకా గట్టివాడు. తండ్రి చచ్చిన పదకొండేళ్ల పిల్ల ఒకతె, పొలాలున్న పిల్ల, ఆమెను పోషించే హక్కు రాజుగారి కచేరీలో డబ్బు పోసి కొనుక్కొచ్చి తన తొమ్మిదేళ్ల కొడుక్కి కట్టబెట్టాడు. పెళ్లిరోజున పెళ్లికొడుకు తేనెపాకం అతిగా తిని పాదిరీగారి అంగీ మీద కక్కాడు. ఆ పెళ్లికొడుకే రాల్ఫ్ దొర, థామసిన్ తండ్రి. ఆ ఇంట్లో పెళ్లి అంటే రెండు పొలాల మధ్య గట్టు తీసెయ్యడమే. పిల్లలు పుడితే పుట్టారు.

అటువంటి ఇంటి పిల్ల దొరల సంబంధం కాదనుకుని, రాయి కొట్టేవాడి చెయ్యి పట్టుకుంది. జెర్విస్ తన బతుకులో గర్వపడింది ఆ ఒక్కదానికే. చర్చి కిటికీ రాళ్లు మార్చడానికి అతను ఈ ఊరు వచ్చినప్పుడు ఇరవై రెండేళ్లవాడు. ఆమె దివాణంలో కాక, దివాణం వారి పాడిపశువుల పొలంలో ఒక దాది దగ్గర పెరుగుతోంది. "నా తల్లి నన్ను కంటూ పోయింది, నా తండ్రికి నా మొహం చూడబుద్ధి కాదు" అని చెప్పింది. అతను అంతకుమించి అడగలేదు. ఏడాదిలో పెళ్లయింది.

రాల్ఫ్ దొర మొన్న చలికాలంలో పోయాడు. పెంతెకొస్తు పండగ వెళ్లిన వారానికి దివాన్జీ క్రౌల్ చేతిలో కాగితం చుట్ట పట్టుకుని జెర్విస్ కొట్టుకు వచ్చాడు.

"ఏమయ్యా హోల్టూ! దుమ్ములో దుమ్మైపోయావే. రాయెవరో మనిషెవరో పోల్చుకోలేకున్నాను."

"రాయి బదులు చెప్పదు దివాన్జీ గారూ. దాన్నిబట్టి పోల్చుకోండి."

క్రౌల్ కాగితం పరిచాడు. పెద్ద దొర సమాధి. పాలరాతి మంచం మీద దొర వెల్లకిలా, చేతులు జోడించి, కాళ్ల దగ్గర కుక్క. పక్కన ఇంకా బతికే ఉన్న రెండో భార్య ఎలినార్ దొరసాని కోసం చోటు. మొదటి భార్య మార్గరెట్ గోడవారగా, కొంచెం చిన్నదిగా. మంచం కింద పక్కపలకల మీద పిల్లల వరస. బతికున్నవాళ్లు మోకాళ్ల మీద చేతులు జోడిస్తారు. పెద్దయ్యాక తండ్రికంటే ముందు పోయినవాళ్లు చేతిలో పుర్రె పట్టుకుంటారు. పాలుతాగే వయసులో పోయినవాళ్లను గుడ్డలో బిగించి చుట్టి, పళ్లెంలో రొట్టెలా పడుకోబెడతారు. ఏడుగురు మోకరిల్లి ఉన్నారు. ఎనిమిదోది మూట.

"ఈ మూటెవరు?"

"నీకు చదువొచ్చుగా. కింద రాసుంది."

"థామసిన్ నా పెళ్లాం."

"నీ పెళ్లాం పేరూ థామసినే, ఎవరు కాదన్నారు? ఈవిడ వేరు. వెయ్యిన్నీ అయిదువందల ఎనభై నాలుగులో పుట్టి నాలుగు నెలలకు పోయింది. చర్చి రిజిస్టర్లో ఖననం కూడా ఉంది. ఒక్క అక్షరం అబద్ధం లేదు."

అది నిజమే. చచ్చిన బిడ్డ పేరు వెనకబిడ్డకు పెట్టడం ఎవరింట్లోనైనా ఉన్నదే. జెర్విస్ తమ్ముళ్లలోనే ఇద్దరు వాల్టర్లు, ఒకడు మట్టిలో, ఒకడు మట్టి పైన. అస్కర్బీలు కూడా మొదటి థామసిన్ పోతే రెండోదానికి అదే పేరు తొడిగారు. తరవాత రెండోది అక్కర్లేకపోయేసరికి మొదటిదాని చావు రెండోదానికి తొడిగారు. పేర్ల దగ్గర కూడా పొదుపే.

"తరవాత పుట్టినదాని సంగతేంటి?" అన్నాడు జెర్విస్.

"తరవాత ఎవరు పుట్టారు? బల్ల మీద లేదే."

"బల్ల మీద లేకపోతే పుట్టనట్టేనా?"

"మరి? నువ్వూ నేనూ లేం బల్ల మీద. పుట్టామని ఎవడైనా పట్టించుకున్నాడా?" క్రౌల్ తన జోకుకు తనే కిసుక్కుమన్నాడు. "వచ్చే బుధవారం వంశపరీక్షకుడు మళ్లీ వస్తున్నాడు. కొత్త దొర ఫ్రాన్సిస్ గారి పేరెక్కించి ముద్ర వేస్తాడు. ఆ మీద దేవుడు కూడా దిద్దలేడు. నువ్వు మూట చెక్కు."

జెర్విస్ పని వద్దనలేదు. తను వద్దంటే ఇంకొకడు చెక్కుతాడు. అతనికి కావలసింది ఒకటే. ఆ వరసలో థామసిన్ మోకరిల్లాలి. పెళ్లయిన ఆడదాని టోపీ పెట్టుకుని, చేతిలో పుర్రెతో, నలభై ఐదేళ్ల మనిషిగా. తండ్రికంటే రెండేళ్లు ముందు పోయింది కాబట్టి పుర్రె ఆమెకు హక్కు. బుధవారం దాటితే ఆ హక్కు పోతుంది.

కూతురు అన్నిస్ కొట్లోనే రాయి నునుపు పడుతూ అంతా వింది. ఇరవై ఏడేళ్ల మనిషి, తల్లి నోరు వచ్చింది.

"అమ్మయితే నవ్వేసేది నాన్నా."

"మీ అమ్మకి నవ్వెక్కువ."

"నీకు తక్కువ. ఇద్దరికీ కలిపి సరిపోయింది." తడిగుడ్డ పిండుతూ, "ఆ ఇంట్లోంచి లేచొచ్చిన మనిషిని మళ్లీ తీసుకెళ్లి వాళ్ల కాళ్ల కాడ మోకరిల్లబెడతానంటావేంటి?" అంది.

"కాళ్ల కాడ కాదు, వరసలో."

"వరస వాళ్ల కాళ్ల కాడేగా ఉంది. నువ్వే చెక్కుతున్నావు, నీకు తెలీదా?"

"చచ్చాక మనిషి ఎక్కడో ఒకచోట ఉండాలే. నోర్మూసుకుని రాయి చూడు."

మర్నాడు చర్చికి వెళ్లి రిజిస్టరు అడిగాడు. జెర్విస్ చదువు పెద్దదేం కాదు. నాలుగు చలికాలాలు చర్చి వసారాలో పాత పాదిరీగారి బెత్తం కింద నేర్చుకున్న అక్షరాలు. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతాడు. వెతగ్గా వెతగ్గా దొరికింది. ‘1586 సెప్టెంబరు 2. రాల్ఫ్ దొరకూ ఆయన భార్య మార్గరెట్‌కూ పుట్టిన థామసిన్‌కు బాప్తిస్మం.’ దాని కిందే మరో వరస. ‘సెప్టెంబరు 9. రాల్ఫ్ దొర భార్య మార్గరెట్ ఖననం.’

"రెండూ దించివ్వు" అన్నాడు చర్చి గుమాస్తాతో.

డెబ్బై దాటిన ఆ గుమాస్తా కలం సిరాలో ముంచి ఆగిపోయాడు. "పైదొక్కటి చాలదా హోల్టూ? కింద వరస ఎందుకులే."

"తల్లి కూడా ఉంటే రుజువు గట్టిది."

"గట్టిదే" అన్నాడు ముసలాయన. "నాకు తెలిసి ఈ జిల్లాలో ఇంతకంటే గట్టిది లేదు." ఇంకేమీ అనకుండా రెండూ రాశాడు. పాదిరీగారు చదవకుండానే సంతకం పెట్టారు.

బుధవారం దివాణం పెద్దగదిలో వంశపరీక్షకుడు గోడమీది వంశవృక్షం బల్ల దగ్గరే కూచుని జింకమాంసం కూరిన రొట్టె తింటున్నాడు. సన్నటి మనిషి, వేళ్లకు సిరా, గడ్డానికి నెయ్యి. పొయ్యి దగ్గర ఎలినార్ దొరసాని, డెబ్బై ఏళ్లది, చెక్క బొమ్మలా నిటారుగా. కొత్త దొర ఫ్రాన్సిస్ బూట్లు ముందుకు చాపుకుని ఉన్నాడు. క్రౌల్ తలుపు దగ్గర. జెర్విస్ టోపీ తీసి, వచ్చిన పని చెప్పి, కాగితం ఇచ్చాడు.

"నా పెళ్లాం పుట్టిందండి. పెరిగిందండి. అది రాయండి చాలు."

వంశపరీక్షకుడు మొదటి వరస చదివాడు. "మంచిదే. బాప్తిస్మం ఉంది, సంతకం ఉంది. ఒక పిల్ల తప్పిపోయింది, అంతేగా. కాపరికీ గొర్రెలు తప్పిపోతుంటాయి." రెండో వరస చదివాడు. నమలడం ఆగింది. తల ఎత్తి బల్ల వంక చూశాడు.

అతని చూపు పోయిన చోటికల్లా జెర్విస్ చూపూ పోయింది. ఆ బల్లను అతను వందసార్లు చూశాడు. భార్య పేరు తప్ప ఎన్నడూ ఇంకో పేరు చదవలేదు. ఇప్పుడు పెదాలు కదుపుతూ చదివాడు. ‘మార్గరెట్, 1584లో మరణం. ఎలినార్‌తో వివాహం, 1585. వారి కుమారుడు ఫ్రాన్సిస్, జననం 1586 జూన్.’

జూన్‌లో ఫ్రాన్సిస్ పుట్టాడు. సెప్టెంబరులో మార్గరెట్ బతికే ఉంది, బిడ్డను కన్నది, దొర భార్యగా మట్టిలోకి వెళ్లింది. పెళ్లాం బతికుండగా ఇంకో పెళ్లి ఎక్కడిది? ఈ మహాదొర తన తల్లికి పెళ్లి కాకముందే పుట్టాడు. థామసిన్ పుట్టినట్టు రాస్తే ఇతను దొరగా పుట్టనట్టే.

"ఏంటా కాగితం? ఇలా ఇవ్వండి" అన్నాడు ఫ్రాన్సిస్.

"ఫ్రాన్సిస్, నీ కుక్కలు మొరుగుతున్నాయి. వెళ్లి చూడు" అంది తల్లి.

"మొరగట్లేదమ్మా."

"నువ్వెళ్తే మొరుగుతాయి. వెళ్లు. క్రౌల్, నువ్వూ వెళ్లు."

నలభై ఎనిమిదేళ్ల దొర బిక్కమొహం వేసుకుని లేచాడు. తలుపు మూసుకుంది.

వంశపరీక్షకుడు వేళ్లు తుడుచుకున్నాడు. అతను ఆ ఇంట్లో మూడు రోజులుగా తింటున్నాడు. "దారి లేకపోలేదు" అన్నాడు. "మీ ఆవిణ్ని పెద్దదాన్నే చేద్దాం హోల్ట్. ‘థామసిన్, రెండో కూతురు, శిల్పి జెర్విస్ హోల్ట్ భార్య.’ బల్ల మీద ఉంటుంది, నా పుస్తకంలో ఉంటుంది. సమాధి మీద మోకరిల్లుతుంది. ఒక్క సర్దుబాటు. పుట్టింది ఎనభై ఎనిమిదిలో. తల్లి ఎలినార్ దొరసాని."

"ఆమె తల్లి మార్గరెట్."

"కాగితం మీద తల్లులు మారతారయ్యా. ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్నది అదే."

"నా పెళ్లాన్ని బతికించాలంటే దాన్ని కని చచ్చినదాన్ని చెరిపెయ్యాలా?"

"కన్నదాన్ని నేనవడానికి నాకే అభ్యంతరం లేదు. నీకొచ్చిన నొప్పేమిటి?" అంది ఎలినార్.

జెర్విస్ చెయ్యి చాచి అతని ముందున్న కాగితం వెనక్కి తీసుకున్నాడు. "ఇది లండన్ కోర్టుకు చేరితే మీవాడు దొర కాదమ్మా. దొరికినవాడు."

ఆమె మొహంలో ఏ కండా కదల్లేదు. అతన్ని పైనుంచి కింది దాకా, సంతలో గొడ్డును చూసినట్టు చూసింది.

"నువ్వు ఆ పిల్లను మా మీద గెలుచుకుపోయాననుకుంటున్నావు కదూ? ఇన్నేళ్లూ అదే అనుకుని ఉంటావు. మా ఆయన సంగతి నీకు తెలుసు. వేటకుక్కను అడక్కుండా తీసుకెళ్లాడని సొంత తమ్ముణ్ని ఏడేళ్లు గడప తొక్కనివ్వలేదు. అలాంటివాడు నీ పెళ్లి చాటింపు మూడు ఆదివారాలు మొదటి బెంచీలో కూచుని విన్నాడు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండని పాదిరీ మూడుసార్లు అడిగాడు. ఆయన దగ్గాడా? నీ వెనక గుర్రం మీద మనిషిని పంపాడా? ఒక రాయి విసిరించాడా?"

పంపలేదు. విసిరించలేదు. అది తన అదృష్టమనీ, థామసిన్ మొండితనమనీ జెర్విస్ అనుకున్నాడు.

"మూడో ఆదివారం ఇంటికొచ్చి, ‘పీడ వదిలింది ఎలినార్, ఇక మనకు కావలసినట్టు రాయించుకోవచ్చు’ అన్నాడు. పెద్దింటికి ఇస్తే అవతలివాళ్ల వకీళ్లు పిల్ల ఎప్పుడు పుట్టింది, తల్లెవరు అని ఆరా తీస్తారు. రాళ్లు కొట్టేవాడు తేదీ అడగడు. నిన్ను చేసుకుందని దాన్ని గెంటేశామనుకుంటున్నావా? గెంటడానికే నీకిచ్చాం. నువ్వు రాకపోతే నీలాంటివాణ్ని మేమే వెతుక్కోవలసి వచ్చేది."

వంశపరీక్షకుడు రొట్టె ముక్క మీది నెయ్యి గోటితో గీకుతున్నాడు.

"థామసిన్‌కు తెలుసా?" అన్నాడు జెర్విస్.

"నన్నడుగుతావేం? ఇరవై ఆరేళ్లు నీ పక్కన పడుకున్నదాన్ని అడగాల్సింది."

అడగడానికి మనిషి లేదు. ఆమెకు తెలిసి వచ్చిందో, తెలియక వచ్చిందో, తెలిసీ అతని గర్వం చూసి జాలిపడి ఊరుకుందో. మూడింట్లో ఏది నిజమైనా అతనికి చెప్పేవాళ్లు ఈ భూమ్మీద లేరు. అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

"ఏం తేల్చావు మరి?" అన్నాడు వంశపరీక్షకుడు.

"మార్గరెట్ కూతురు మార్గరెట్ కూతురే. మీ వరసలో దానికి చోటు వద్దు. మీరు చచ్చిందంటున్న పిల్ల నిజంగానే చచ్చింది. దాన్ని చెక్కుతాను. అదొక్కటే మీ బల్ల మీద నిజం."

"ఆ కాగితం?" దొరసాని గొంతు మొదటిసారి కొంచెం సన్నబడింది.

"నాది."

"దాన్నేం చేస్తావు?"

అతను టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. వెనక నుంచి ఆమె మళ్లీ అడిగింది. అతను బదులు చెప్పలేదు. చెబితే ఆమెకు నిద్ర పట్టేది.

వంశపరీక్షకుడు ముద్ర వేసి, మిగిలిన జింకమాంసం మూటగట్టించుకుని పక్క జిల్లాకు పోయాడు. ఫ్రాన్సిస్ దొర దొరగానే ఉన్నాడు. జూన్‌లో అతని పుట్టినరోజుకు చర్చి గంటలు ఎప్పటిలాగే మోగాయి. జెర్విస్ పాలరాతి పసిగుడ్డును పదకొండు రోజుల్లో చెక్కాడు. బాగా చెక్కాడు. కనురెప్పలు చెక్కాడు, గుడ్డ మడతల్లోకి వెళ్లిన బుగ్గ చెక్కాడు. ఆ పిల్ల ఎవరికీ ఏ ద్రోహమూ చెయ్యలేదు. మోకరిల్లిన ఏడుగురి మొహాలూ ఒకే మొహంలా చెక్కాడు. ఎవరూ గమనించలేదు. పెద్ద దొర వంకర ముక్కు మాత్రం ఉన్నదున్నట్టు చెక్కాడు.

ఆదివారాలు ఎలినార్ దొరసాని మొదటి బెంచీలోంచి మెడ తిప్పి అతను వచ్చాడో లేదో చూసేది. వచ్చేవాడు. ఎప్పుడూ వచ్చేవాడు. ఆమె చూసినంతసేపూ ఎదురు చూసి, తల దించుకోకుండా, ఏమీ అనకుండా కూచునేవాడు. ఆ మౌనాన్ని ఊరు క్షమ అనుకుంది. పాదిరీగారు దాన్ని మెచ్చుకుంటూ ఒకసారి ప్రసంగం కూడా చేశారు. జెర్విస్ ఆ ప్రసంగం సగంలో లేచి వెళ్లిపోయాడు.

అన్నిస్ ఆగలేదు. దివాణంలో ఏం జరిగిందని బుధవారం నాడే అడిగింది. అతను ఉలి సానబెడుతూ ఉండిపోయాడు. సమాధి నిలబెట్టిన రోజు, బండి తోలుకుంటూ ఇంటికి వస్తున్నప్పుడు మళ్లీ అడిగింది.

"లండన్‌దాకా పోతానన్నట్టు వెళ్లావు, పిల్లిలా తిరిగొచ్చావు. అక్కడేమన్నారు నాన్నా? అమ్మను ఎందుకొదిలేశావు? ఆ ముసల్ది నిన్ను చూస్తే ఎందుకు పాలిపోతుంది? నేను అమ్మ కూతుర్ని, నాకు తెలియాలి."

జెర్విస్ పగ్గాలు లాగి బండి ఆపాడు. కూతురి మొహంలోకి చూశాడు. అది థామసిన్ మొహమే. అందుకే ఎక్కువసేపు చూడలేకపోయాడు.

"మీ అమ్మ గురించి ఏదన్నా అడుగు. బాతుల్ని ఎలా తోలేదో అడుగు, నన్ను ఏమని తిట్టేదో అడుగు, చెబుతాను. ఆ ఇంటి గురించీ మా పెళ్లి గురించీ అడక్కు. ఇవాళే కాదు, ఎప్పుడూ అడక్కు. నేను బతికుండగా చెప్పను. పోయేముందు పాదిరీ చెవి పెట్టినా చెప్పను. దిగు. గుర్రానికి నీళ్లు పెట్టాలి."